పాత రివాల్వర్: పూత చెప్పే నిజం, న్యాయమైన ధర

(పర్లాకిమిడిలో ఆయుధ లైసెన్సుదారులు, వారి కుటుంబ సభ్యులు పాల్గొన్న సమావేశంలో ఒక విశ్రాంత ఆర్మరర్ (తుపాకుల మరమ్మతు నిపుణుడు) చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, గుణుపురం నుంచీ కాశీనగరం నుంచీ వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఎవరూ ఆయుధం వెంట తీసుకురావద్దని నిర్వాహకులను ముందే కోరాను. వారు ఆ మాట పాటించారు. కాబట్టి ఈ బల్ల మీద రివాల్వర్ లేదు. పెద్దవి చేసి అచ్చు వేయించిన ఫొటోలు ఉన్నాయి. ఒక టార్చిలైటు, ఒక భూతద్దం, స్కూటర్ మెకానిక్కుల దగ్గర ఉండే, సందులు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజ్ ఒకటి ఉన్నాయి. పాత రివాల్వర్‌ను పరీక్షించడానికి ఇంతకుమించి పరికరాలు అక్కరలేదు.

మన వైపు పాత రివాల్వర్ అమ్మకానికి వచ్చేది చాలావరకు ఇంటి పెద్ద పోయిన తరవాతే. లేదా ఆయనకు చూపు తగ్గి, చేయి వణికి, ఇక నాకెందుకు అనుకున్నప్పుడు. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. మూడోదాన్ని వదులుకోవలసి రావడంతో కొన్ని ఇళ్ల నుంచి మంచి మంచి ఆయుధాలు బయటికి వచ్చాయి. అమ్మేవారికి వాటి విలువ తెలియదు. కొనేవారిలో తెలిసినవారు కొందరే, తెలిసినట్టు మాట్లాడేవారు ఎందరో. "పూత పోయిందమ్మా, ఇది తూకానికి అమ్మే ఇనుము" అని ఒకడు అంటాడు. "ముందు పాలిష్ చేయించండి, ధర రెట్టింపు వస్తుంది" అని ఇంకొకడు సలహా ఇస్తాడు. మొదటివాడి వల్ల మీకు డబ్బు పోతుంది. రెండోవాడి వల్ల ఆ వస్తువే పోతుంది. ఈ రోజు ముఖ్యంగా రెండోవాడి గురించే మాట్లాడాలని వచ్చాను.

రివాల్వర్ మీది ఆ నల్లని, నీలి మెరుపు, మనం పూత అనేది, రంగు వేస్తే వచ్చింది కాదు. ఉక్కు ఉపరితలాన్నే అదుపులో పెట్టి ఆక్సీకరణం చెందిస్తారు. తుప్పు ఎర్రగా, పొడిగా రాలేది. ఇది నల్లగా, గట్టిగా, లోహంలో భాగంగా నిలిచేది. రసాయనికంగా ఇది మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడు. పాత పద్ధతిలో ఉక్కుకు నెమ్మదిగా తుప్పు పట్టించి, నీటిలో మరిగించి, రుద్ది, మళ్లీ తుప్పు పట్టించి, రోజుల తరబడి ఆ పొరను తెచ్చేవారు. తరవాత కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల వేడిలో ఉంచి అందులో ముంచడం వచ్చింది. ఏ పద్ధతి అయినా పొర చాలా పలచన. అది తుప్పును పూర్తిగా ఆపలేదు, నూనె నిలుపుకొని కొంత అడ్డుకుంటుంది. మెరుపు మాత్రం పొరలో లేదు. పొర వేయడానికి ముందు పనివాడు ఉక్కును ఎంత ఓపికగా, ఎంత చదునుగా సానపట్టాడో దానిలో ఉంది.

ఈ చివరి మాట బాగా పట్టుకోండి. పాత రివాల్వర్‌కు మళ్లీ పూత వేయించాలంటే మొదట పాత పొరను తీయాలి, తుప్పు గుంటలు పోయేదాకా అరగదీయాలి. ఫ్యాక్టరీలో చదునైన రాయి మీద, పలక మీద నెమ్మదిగా చేసిన పనిని ఇక్కడ గిర్రున తిరిగే పాలిష్ గుడ్డచక్రం మీద అరగంటలో ముగిస్తారు. గుడ్డచక్రానికి అంచు తెలియదు, మూల తెలియదు. పదునుగా ఉండవలసిన అంచులన్నీ గుండ్రబడతాయి. స్క్రూ దిగే రంధ్రం చుట్టూ లోహం పళ్లెంలా లోపలికి దిగుతుంది. అక్షరాల ఒక వైపు లోతుగా, మరో వైపు మసకగా మిగులుతుంది. టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేయండి. అసలు ఉపరితలం మీద వెలుగు చీలకుండా గీతలా సాగుతుంది. గుడ్డచక్రం కింద నలిగినదాని మీద అలలు కడుతుంది. ఈ ఫొటోలో గొట్టం పక్కన చూడండి, ఆ అలలు మీకే కనిపిస్తాయి.

ఇంకో ఆనవాలు ఇంతకన్నా తేలిక. నల్లని పూత కింద సన్నని గుంటలు కనిపిస్తే, ఆ గుంటలు ముందు వచ్చాయి, పూత తరవాత వచ్చింది. ఫ్యాక్టరీ గుంటల మీద పూత వేయదు. అలాగే అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెసన్ పాత నమూనాల్లో హ్యామర్ (తూటాను కొట్టే సుత్తి), ట్రిగ్గర్ మీద గోధుమ, నీలం, బూడిద రంగులు కలగలిసిన మచ్చలు ఉంటాయి. ఆ భాగాలను గట్టిపరచడానికి చేసిన ఉష్ణ ప్రక్రియ వల్ల వచ్చిన రంగులు అవి. ఆ రెండూ గొట్టంతో సమానంగా నల్లగా ఉంటే, ఎవరో మొత్తాన్ని విప్పి ఒకే తొట్టిలో ముంచారు. స్క్రూల తలలు చూడండి. గాడి నలిగి, చుట్టూ గీతలు ఉంటే సరైన స్క్రూడ్రైవర్ లేనివాడి చేయి పడింది. లోపల ఏం అరగదీశాడో ఎవరికి తెలుసు?

చేతితో పులిమే చల్లని పూత ఇంకో రకం. అది సెలీనియం లవణాల ద్రావణం. చిన్న గీతను కప్పడానికి పనికొస్తుంది. మొత్తం రివాల్వర్‌కు పులిమితే మాత్రం రంగు మబ్బు మబ్బుగా, ఒకచోట బూడిదగా, ఒకచోట నల్లగా ఉంటుంది. కొన్నాళ్లు చేతిలో ఆడితే లేచిపోతుంది.

సహజమైన అరుగుదల ఎక్కడ ఉండాలో తెలిస్తే అబద్ధం తేలికగా పట్టుబడుతుంది. తోలు ఒరలో పెట్టి తీసిన రివాల్వర్‌కు గొట్టం మూతి అంచు, తూటాలు ఉండే సిలిండర్ ముందు అంచు తెల్లబడతాయి. పట్టుకున్న చేతి చెమటకు పిడి వెనక పట్టీ గోధుమ రంగుకు తిరుగుతుంది. సిలిండర్ చుట్టూ దాన్ని బిగించే మీట గీసిన సన్నని గీత ఉంటుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. మూతి తెల్లబడి, పిడి కొత్తగా ఉంటే పిడి మార్చారు. సిలిండర్ చుట్టూ లోతైన గీత ఉండి, మిగతాదంతా మిలమిలలాడితే ఆ మెరుపు నిన్నటిది. పాత స్మిత్ అండ్ వెసన్‌లో పిడి అడుగునా, సిలిండర్ వెనక ముఖం మీదా, గొట్టం కింద భాగంలోనూ ఒకే నంబరు ఉంటుంది. మూడూ కలిస్తే అది పుట్టినప్పటి జోడీ.

ధర తరవాత, నంబరు ముందు. మళ్లీ పూత వేసేటప్పుడు సీరియల్ నంబరు మసకబారితే అది అందం సమస్య మాత్రమే కాదు. 1959 ఆయుధ చట్టం 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది గుర్తింపు ముద్రను చెరపడం, మార్చడం నేరం. ముద్ర లేని తుపాకీని అమ్మడమూ నేరమే. నంబరు చదవడానికి భూతద్దంతో తంటాలు పడవలసి వస్తే ఆ బేరం అక్కడే వదిలేయండి. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

మన ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి పాత ఇళ్లలోని తుపాకుల మీద అప్పుడప్పుడు మద్రాసు వర్తకుల పేర్లు, కలకత్తా ఆర్.బి. రోడ్డా వంటి వర్తకుల పేర్లు కనిపిస్తాయి. ఇంగ్లండులో తయారై, బర్మింగ్‌హామ్‌లోనో లండన్‌లోనో గట్టిదనం పరీక్షలో నెగ్గిన గుర్తుగా పరీక్ష ముద్ర వేయించుకొని, ఓడలో వచ్చి, ఇక్కడి అంగడి పేరుతో అమ్ముడైనవి అవి. ఆ పేర్లను పైపైనే చెక్కేవారు. గుడ్డచక్రం మొదట మింగేది ఆ పేరునే. ఒక కుటుంబం తాతగారు ఏ ఊళ్లో, ఏ అంగట్లో కొన్నారో చెప్పే ఒకే ఒక ఆధారం అలా పొడై రాలిపోవడం చూస్తే నాకు కడుపు మండుతుంది. పూత మళ్లీ వేయవచ్చు, ఆ చెక్కుడు తిరిగి రాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అమెరికాలో పాత రివాల్వర్లు చెడేది కాల్చి కాల్చి. మన దగ్గర అవి చెడేది కాల్చక. తూటాలకు పరిమితి ఉంది, కొనడమే గగనం. పైగా మనవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండే .32 బోరు తూటా ఒత్తిడి తక్కువది (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల లెక్కలో). గొట్టం అరిగిపోయేంత కాల్పు ఎవరూ కాల్చలేదు. అసలు శత్రువు తేమ. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలి, మనకు మహేంద్రగిరి అడుగున నాలుగు నెలల వాన. దానికి తోడు తోలు ఒర. చాలామంది రివాల్వర్‌ను ఒరలోనే ఉంచి బీరువాలో పెడతారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన లవణాలు ఉక్కును తింటాయి. ఒరకు ఆనిన వైపే తుప్పు ఎక్కువ ఉంటే కారణం అదే. ఎన్నికల వేళ ఆయుధాలు అప్పగించవలసి వస్తుంది. నెలల తరబడి గోనె సంచిలోనో, చెక్కపెట్టెలోనో నూనె లేకుండా పడి ఉన్నవి ఎలా తిరిగి వస్తాయో ఇక్కడ కూర్చున్న చాలామందికి తెలుసు. ఇచ్చే ముందు పలచగా నూనె రాసి ఇవ్వండి.

అందుకే మన వైపు రివాల్వర్ చూసేటప్పుడు పిడి పలకలు విప్పి చూపించమని అడగాలి. పైన ఎంత నిగనిగలాడినా ఆ చెక్క కింద, స్ప్రింగు చుట్టూ దాక్కున్న తుప్పే దాని అసలు చరిత్ర. విప్పడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

ఇప్పుడు యంత్రం. మొదట గొట్టం సురక్షితమైన వైపు తిప్పి, తెరిచి, సిలిండర్‌లో తూటాలు కూర్చునే ఆరు గదులూ ఖాళీ అని మీ కళ్లతో మీరే చూసుకోవాలి. అమ్మేవాడు చూసి చెప్పినా మళ్లీ చూడాలి. ఖాళీ రివాల్వర్ హ్యామర్‌ను కదిలించడానికి యజమాని అనుమతి అడగాలి, అది మర్యాద.

హ్యామర్‌ను బొటనవేలితో చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలిచేలోపే సిలిండర్ తన స్థానంలో టక్కున బిగియాలి. ఆరు గదులకూ విడివిడిగా చూడాలి. అయిదు సరిగ్గా ఉండి ఆరోది బద్ధకించవచ్చు. నిలిచిన హ్యామర్‌ను వెనక నుంచి వేలితో కొంచెం తోయండి. ట్రిగ్గర్ తాకకుండా పడిపోతే ఆ రివాల్వర్ ప్రమాదకరం. ఎవరో ట్రిగ్గర్ తేలిక చేస్తానని లోపలి గాట్లను అరగదీసి ఉంటారు. ట్రిగ్గర్ నొక్కి ఉంచి సిలిండర్‌ను పక్కలకు కదపండి. వెంట్రుకవాసి ఆడితే ఫరవాలేదు, లొడలొడలాడకూడదు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టండి. 0.10 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచిది. అంతకు మించితే వాయువు అక్కడి నుంచి బయటికి తన్నుతుంది.

కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారంలో తయారైన .32 రివాల్వర్, దానికి మూలమైన ఇంగ్లండు వెబ్లీ, రెండూ గొట్టం కిందికి వంగి తెరుచుకునేవి. వాటికి అదనంగా ఇంకో పరీక్ష ఉంది. మూసిన తరవాత ఒక చేత్తో పిడి, ఒక చేత్తో గొట్టం పట్టుకొని పైకీ కిందికీ, పక్కలకూ ఆడించి చూడాలి. పై గొళ్లెం దగ్గర కదలిక ఉంటే, వెలుతురుకు పెట్టినప్పుడు సందు కనిపిస్తే, మడతబందు అరిగింది. చేతి విసురుతో ఠప్పుమని తెరిచి మూసే అలవాటు వల్ల వచ్చే జబ్బు ఇది. దయచేసి పిల్లల ముందు ఆ విన్యాసాలు చేయకండి. పిల్లల కోసమూ, మడతబందు కోసమూ చెబుతున్నాను.

గొట్టం ఒక చివర తెల్ల కాగితం పెట్టి, దాని మీద వెలుగు పడేట్టు చేసి, రెండో చివర నుంచి లోపల చూడండి. లోపలి మెలి తిరిగిన గాళ్లు స్ఫుటంగా ఉండాలి. నల్లటి చుక్కలు పాత తూటాల గుర్తు. ఒకప్పటి తూటాల ప్రైమర్లలో (మందును అంటించే భాగం) పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలిన తరవాత మిగిల్చే లవణం తేమను పీల్చి గొట్టాన్ని తినేస్తుంది. చుక్కలతో బతకవచ్చు. ఉంగరంలా నీడ కనిపిస్తే మాత్రం గొట్టం ఉబ్బింది, వదిలేయండి.

ఇక ధర. మన దేశంలో ఇది రెండు వేర్వేరు లోకాలు.

మొదటిది దేశంలో తయారైనవి. వీటికి కొత్తదాని ధర ఉంది కాబట్టి లెక్కకు ఆధారం దొరుకుతుంది. 2014లో టైటానియం మిశ్రమంతో నిర్భీక్ అనే రివాల్వర్ వచ్చినప్పుడు దాని ధర 1,22,360 రూపాయలు. ఆయుధ కర్మాగారాల మండలి 2021లో ఏడు కంపెనీలుగా విడిపోయాక, కాన్పూర్‌లోని కొత్త కంపెనీ 2023లో ప్రబల్‌ను తెచ్చింది. అది సిలిండర్ పక్కకు తెరుచుకునే .32 రివాల్వర్. రివాల్వర్లు, పిస్తోళ్ల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరులో 40 శాతం అయింది. "కొత్తది పెరిగింది కాబట్టి నాదీ పెరిగింది" అని పాతవి అమ్మేవారు అంటున్నారు. అందులో కొంత న్యాయం ఉంది, పూర్తి న్యాయం లేదు. మీరు అమ్మేదానికి ఫ్యాక్టరీ హామీ లేదు కదా.

నా లెక్క ఇది. కొత్తది చేతికి వచ్చేసరికి లక్షన్నర పడుతుందనుకుందాం. యంత్రం నిక్కచ్చిగా ఉండి, గొట్టం శుభ్రంగా ఉండి, అసలు పూత అంచుల్లో మాత్రమే అరిగి ఉంటే లక్షా పదివేలు న్యాయం. బయట తుప్పు గుంటలు ఉంటే డెబ్బై, ఎనభై వేలు. యంత్రం బాగుండి పూర్తిగా మళ్లీ పూత వేసినదైతే, గుంటలున్నదానికన్నా ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను. పూత కింద ఏముందో అమ్మేవాడికే తెలుసు, నాకు తెలియదు. ఆ తెలియనితనానికి నేను డబ్బు చెల్లించను. యంత్రం లోపం ఉంటే, లైసెన్సు ఉన్న మరమ్మతుదారు ఖర్చు కాగితం మీద రాసిచ్చేదాకా బేరమే లేదు.

రెండోది విదేశీ రివాల్వర్లు. 1980ల నడుమ నుంచి సామాన్య లైసెన్సుదారుకు దిగుమతి దారి మూసుకుపోయింది. కాబట్టి దేశంలో ఉన్నవే ఉన్నాయి, కొత్తవి రావు. అమెరికాలో మామూలు పోలీసు వాడిన రివాల్వర్, అక్కడ కొద్ది వందల డాలర్లకు దొరికేది, ఇక్కడ లక్షల్లో పలుకుతుంది. ఇది ఉక్కు వెల కాదు, కొరత వెల. ఆ మాట గుర్తుంచుకొని బేరం చేయండి. అమ్మేవాడు చెప్పే ధర వేరు, నిజంగా చేతులు మారిన ధర వేరు. బరంపురంలో ఒకరిని, విశాఖపట్నంలో ఒకరిని, వీలైతే కలకత్తాలో ఒకరిని అడిగి, "ఇలాంటిది చివరిసారి ఎంతకు అమ్మారు?" అని తెలుసుకోండి. ఎంత చెబుతున్నారో అడగకండి.

ఈ లోకంలో అసలు పూతకు నిజంగా విలువ ఉంది. అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ స్థితిని బట్టి శ్రేణులు పెట్టింది. సేకర్తలు దాంతోపాటు "90 శాతం పూత", "60 శాతం పూత" అంటూ లెక్క కడతారు. ఆ శాతం ఫ్యాక్టరీ పూతలో ఎంత మిగిలిందన్నదే. నిన్న వేయించిన పూత నూటికి నూరు నల్లగా ఉన్నా ఆ లెక్కలో అది సున్నా. మన వర్తకుల్లో కొందరు "95 శాతం ఉంది సార్" అంటారు. ఏ పూతలో 95 శాతం అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో సగం బేరం తేలిపోతుంది.

విదేశీ పేరుకు ఆశపడి దొంగసరుకు కొనకండి. గొట్టం మీద ఇంగ్లండు పేరు కొట్టి అమ్మే నాటు రివాల్వర్లు తిరుగుతున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటాయి, పరీక్ష ముద్రలు ఉండవు. అలాంటిదాన్ని చేతిలోకి తీసుకోవడమే నేరం. బోరు కూడా చూసుకోండి. .38, .455 నిషిద్ధ బోర్లు. మీ సాధారణ లైసెన్సు మీద అవి రావు, ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా.

కాగితాల గురించి రెండు మాటలు. ఒక లైసెన్సుదారు ఇంకొకరికి నేరుగా అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలియజేయాలి. కొనేవారి పేరు, చిరునామా అందులో ఉండాలి. ఆ తరవాత కనీసం 45 రోజులు గడవాలి. ఆలోగా పూర్తి డబ్బు ఇవ్వకండి. మనకు ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి నుంచి పాతపట్నం కూతవేటు, కానీ అది ఆంధ్రప్రదేశ్. ఒడిశా వరకే చెల్లే లైసెన్సుతో రివాల్వర్ నడుముకు కట్టుకొని అటు సంతకు పోయినా చట్టం దృష్టిలో లైసెన్సు లేనట్టే. చూపించడానికి తీసుకెళ్లానంటే ఎవరూ వినరు.

వెనక వరుసలోని అమ్మగారు చీటీ పంపారు. ఆమె భర్త పోయారు, వెబ్లీ ఉంది, మచ్చలు పడ్డాయి, చింతపండుతో తోమి అమ్మవచ్చా అని అడిగారు. అమ్మా, వద్దు. చింతపండైనా నిమ్మకాయైనా ఇత్తడి బిందెకు మంచివి. పులుపు ఆ నల్ల పొరను నిమిషాల్లో కరిగిస్తుంది. గరుకు కాగితమూ వద్దు. కొబ్బరినూనె కూడా వద్దు. అయితే అంతకన్నా ముందు చేయవలసిన పని ఉంది. లైసెన్సు ఆయన పేరున ఉంది కాబట్టి ఆయుధం మీ ఇంట్లో ఉండకూడదు. ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న వర్తకుడి దగ్గర గానీ అప్పగించాలి. వారసులు లైసెన్సు కోరుకునే వీలు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. యజమాని బతికి ఉండగానే, ఆయనకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం ఇరవై అయిదేళ్లు ఆయన దగ్గర ఉన్నా, వారసుడి పేరుకు మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లలో ఆలస్యం చేస్తున్నారు. ఇక్కడున్న పెద్దవారు గమనించండి.

అప్పగించేటప్పుడు రసీదులో తయారీదారు పేరు, బోరు, సీరియల్ నంబరు తప్పక రాయించుకోండి. "అసలు పూత, పాత అరుగుదల, కుడివైపు మచ్చలు" అని స్థితి కూడా రాయించండి. రెండు వైపులా ఫొటో తీయించి, మీ అబ్బాయి చేత ఆ రసీదుకు జత చేయించండి. రేపు ఎవరైనా పాలిష్ చేసి తెచ్చి "ఇదే మీది" అంటే, ఆ కాగితం పక్కన పెట్టి చూడమనండి.